మా అమ్మల దురదకి పరీక్ష లేదు, మా ఒంటి మీద మాత్రం మందు పరీక్షిస్తారంట!



పోస్టు పెద్దది. సగం చదివి లైకు కొట్టి పోయేవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు. మిగతా అన్నలు, అక్కలు, తమ్ముళ్లు, చెల్లెళ్లు చివరిదాకా చదివి మాట్లాడండి. తిట్టాలనుకుంటే కూడా చదివాకే తిట్టండి.

పదిహేను రోజుల కింద మన గ్రూపులో ఒక మెసేజ్ తిరిగింది గుర్తుందా? 18 నుంచి 45 ఏళ్ల లోపు ఆరోగ్యంగా ఉన్న మగవాళ్లు కావాలంట. పైత్యనాళాల జబ్బుకి వచ్చిన మందు పరీక్షించడానికంట. హైదరాబాద్‌లో రెండు విడతలుగా ఉండాలి, తిండి, పడక ఫ్రీ, పన్నెండు వేలు ఇస్తారు, ఆధార్ తెచ్చుకోవాలి. కింద ఒక ఫోన్ నంబరు. కంపెనీ పేరు లేదు, మందు పేరు లేదు. అడ్మిన్ అన్న తీసేసేలోపే మన హాస్టళ్లన్నీ చుట్టొచ్చింది.

దాని కింద కామెంట్లు కూడా చూశాం. ఒక తమ్ముడు "మిర్చి కోతకి పోతే ఎండలో నడుం పడిపోద్ది. ఇక్కడ ఫ్యాను కింద పడుకుంటే డబ్బులు. పోతే తప్పేంది?" అన్నాడు. ఒక అన్న "ట్రయల్ అంటేనే మోసం, మనవాళ్లు ఎవడూ పోకూడదు, పోయినవాణ్ణి గ్రూపులోంచి తీసేయండి" అన్నాడు. ఇంకొందరు "ఎవరిష్టం వాళ్లది" అని చేతులు దులుపుకున్నారు. ఈ మూడు మాటలూ మాకు మింగుడుపడలేదు. ముఖ్యంగా ఆ మూడోది.

మేం మా ఇళ్లల్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాళ్లం. ఇంటికి ఇంగ్లీషు కాగితం ఏదొచ్చినా, బ్యాంకుదైనా పట్టాదైనా ఆస్పత్రిదైనా, చదివి చెప్పాల్సింది మేమే. కాబట్టి ఈ ట్రయల్ కాగితం కూడా మేమే చదివి చెప్పాలనుకున్నాం.

ముందు ఆ జబ్బు సంగతి. మన కాలేయం రోజంతా పైత్యరసం తయారుచేస్తూనే ఉంటది. తిన్న కొవ్వు అరగాలంటే అది పేగులోకి చేరాలి. కాలేయం లోపల వెంట్రుకంత సన్నటి నాళాలు ఒకదాంతో ఒకటి కలుస్తూ పెద్ద నాళమై పేగులో పడతాయి. చిన్న చిన్న వాగులు కలిసి గుండ్లకమ్మ అయినట్టు అనుకోండి. వాగుకి ఎక్కడో అడ్డం పడితే కింద నీళ్లుండవు, పైన పొలాలు మునుగుతాయి. ఇక్కడ మునిగేది కాలేయం. ఏళ్ల తరబడి పైత్యం నిలవుండిపోయి అది గట్టిపడిపోతది.

ఇట్టాంటి దీర్ఘకాలిక జబ్బులు ముఖ్యంగా రెండు. ఒకటి పీబీసీ. మన ఒంటికి కాపలా కాయాల్సిన రక్షణ వ్యవస్థే తిరగబడి కాలేయం లోపలి సన్న నాళాలని కొంచెం కొంచెంగా పాడు చేస్తది. ఎక్కువగా నడివయసు ఆడవాళ్లకి వస్తది. రెండోది పీఎస్‌సీ. (గ్రూప్స్‌కి చదివే అన్నలు ఉలిక్కిపడకండి, మీ పీఎస్‌సీ వేరు. కాకపోతే అది కూడా ఏళ్ల తరబడి పీడించేదే.) ఇందులో నాళాలు మచ్చలు కట్టి అక్కడక్కడ ఇరుకై, స్కానింగ్ బొమ్మలో పూసలదండలాగ కనపడతాయి. పెద్దపేగులో పుండ్లు పడే జబ్బు ఉన్నవాళ్లలో ఇది ఎక్కువ. ఈ రెండూ అంటుకునేవి కావు. తాగుడు వల్ల వచ్చేవి కూడా కావు. ఈ మాట గట్టిగా చెప్పాలి. ఎందుకంటే మనవాళ్లకి కాలేయం చెడిందంటే చాలు, అవతలివాళ్లు తల కూడా ఎత్తకుండా "తాగుతావా?" అనే అడుగుతారు.

పీబీసీ వచ్చిన మనిషికి మొదట్లో కామెర్లు కనపడవు. కనపడేవి రెండే: నీరసం, దురద. అరచేతులు, అరికాళ్లు దురద పెడతాయి. రాత్రిపూట ఎక్కువ. మీద పొక్కులు ఉండవు, చర్మం చూస్తే ఏమీ ఉండదు.

ఇప్పుడు మన అమ్మల చేతులు గుర్తుతెచ్చుకోండి. పల్నాడు తండాల్లోంచి, ప్రకాశం జిల్లా నుంచి, ఆటోల్లో కుక్కుకుని మిర్చి కోతలకి పోయే అమ్మలు. జనవరి నుంచి ఎండలు ముదిరేదాకా ఆ ఎర్ర కాయల్లోనే చేతులు. రాత్రి అన్నం కలుపుకోవాలంటే చేతులు మండుతాయి. తర్వాత పత్తి చేలు, పురుగుమందు వాసన. అట్టాంటి మనిషి "నాకు దురద" అంటే ఎవరు వింటారు? మిరపకాయ అంటారు. మందు కొట్టిన చేలో తిరిగావు కదా అంటారు. గజ్జి అంటారు. నీరసం అంటే "కూలికి పోయేవాళ్లకి నీరసం కాక ఏముంటది" అంటారు.

మా హాస్టల్లో ఒక తమ్ముడి వాళ్లమ్మకి ఇదే జరిగింది. రెండేళ్లు దురద. ఊళ్లో ఆర్ఎంపీ సూది వేశాడు, పూతమందు ఇచ్చాడు. కళ్లు పచ్చబడ్డాక పసరు పోయించారు, ఉప్పూ నూనె మానేయించారు. చివరికి ఒక పెద్దాస్పత్రికి తీసుకుపోతే అక్కడ కూడా మొదటి మాట మిరపకాయే. ఆమె చేతులు చూసి నవ్వారంట. ఇంకోచోట ఒక డాక్టరమ్మ కాలేయం పరీక్ష రాసింది. ఏఎల్‌పీ అనే అంకె బాగా పెరిగి ఉంది. ఆ తర్వాత యాంటీ మైటోకాండ్రియల్ యాంటీబాడీ అనే ఇంకో రక్తపరీక్ష. పీబీసీ అని తేలింది. అంటే రెండేళ్లపాటు ఆమె మోసింది ఒక రక్తపరీక్ష దూరంలో ఉన్న జబ్బుని.

ఇక్కడే మా కోపమంతా. మన మనుషుల్లో ఈ జబ్బు ఎందరికి ఉందో లెక్క తేలాలంటే ముందు మన ఆడవాళ్ల దురదని దురదగా కాక ఒక లక్షణంగా చూడాలి. దానికి టైము లేదు. ఆ జబ్బు మందు పరీక్షించడానికి మాత్రం మన పిల్లల ఆరోగ్యమైన ఒళ్లు కావాలి. ఫోన్ నంబరు నేరుగా హాస్టల్ గదిలోకి వచ్చేసింది. జబ్బు పరీక్ష మన తండాకి రాదు గాని మందు పరీక్ష మన మంచం దాకా వస్తది!

ఇప్పుడు "ట్రయల్ అంటేనే మోసం" అన్న అన్నకి. అన్నా, నీ కోపం మాకు అర్థమవుతుంది, దాని వెనక ఏముందో కింద రాస్తాం. కాని ఈ జబ్బు కథే చూడు.

దీనికి ఎన్నో ఏళ్లుగా వాడే మందు ఉర్సోడియాక్సీకోలిక్ యాసిడ్. మెడికల్ షాపుల్లో ఉడిలివ్ లాంటి పేర్లతో దొరుకుతుంది. ఉర్సస్ అంటే లాటిన్ భాషలో ఎలుగుబంటి. ఎలుగు పిత్తంలో ఈ పదార్థం ఎక్కువగా ఉంటుంది కాబట్టి ఆ పేరు. నల్లమల చెంచు తమ్ముళ్లకి ఎలుగు కొత్తేం కాదు, దాని పేరు మందుబిళ్ల మీద ఉందని మాత్రం మాకూ ఈ మధ్యే తెలిసింది. అమెరికాలో 1997లో పీబీసీకి దీన్ని అనుమతించారు. చాలామందికి మేలు చేసింది. సరే, పీబీసీకి పనిచేసింది కదా, పీఎస్‌సీకి కూడా డోసు పెంచి ఇస్తే పోలా అనుకున్నారు డాక్టర్లు. అమెరికాలో 150 మందిని తీసుకుని కొందరికి పెద్ద డోసు మందు, కొందరికి చూడ్డానికి అట్టాగే ఉండే ఉత్తుత్తి బిళ్ల ఇచ్చారు. ఎవరికి ఏది ఇచ్చారో వాళ్లకీ తెలియదు, చూసే డాక్టర్లకీ తెలియదు. మందు తిన్నవాళ్ల రక్తపరీక్షలు బాగుపడ్డాయి. అక్కడితో ఆపి ఉంటే అందరూ సంబరపడేవాళ్లు. కాని ఏళ్ల తరబడి చూస్తే చావులు, కాలేయ మార్పిడి దాకా పోవడం, జబ్బు ముదరడం అన్నీ కలిపి మందు తిన్నవాళ్లలోనే ఎక్కువని తేలింది. ట్రయల్ మధ్యలోనే ఆపేశారు. 2009లో ఆ ఫలితం అచ్చయింది.

ఇంకొకటి ఒబెటికోలిక్ యాసిడ్. పీబీసీకి 2016లో అమెరికా ఎఫ్‌డీఏ త్వరగా అనుమతి ఇచ్చేసింది. ఆధారం ఏంటంటే ఏఎల్‌పీ అంకె తగ్గడం. మనుషులు ఎక్కువ కాలం బతుకుతున్నారా లేదా అన్నది తర్వాత తేల్చండి అన్నారు. 2017లోనే, కాలేయం బాగా దెబ్బతిన్నవాళ్లకి ఉండాల్సినదానికన్నా ఎక్కువసార్లు ఇవ్వడం వల్ల ప్రమాదాలు, మరణాలు అని ఎఫ్‌డీఏ హెచ్చరించింది. 2021లో ముదిరిన సిరోసిస్ ఉన్నవాళ్లకి ఇవ్వొద్దని ఆంక్ష పెట్టింది. 2024లో యూరప్ మందుల సంస్థ అనుమతి రద్దు చేయమంది. 2025 సెప్టెంబరులో కంపెనీయే అమెరికా మార్కెట్ నుంచి వెనక్కి తీసుకుంది. ఈలోపు 2024లో ఎలాఫిబ్రనోర్, సెలాడెల్పార్ అని ఇంకో రెండు మందులకి అనుమతి వచ్చింది. వాటికి కూడా ఆధారం ఆ ఏఎల్‌పీ అంకే. అవి నిలబడతాయో లేదో కాలమే చెప్పాలి. పీఎస్‌సీకైతే కాలేయ మార్పిడి తప్ప గట్టి మందే లేదు అన్న పరిస్థితి ఏళ్ల తరబడి నడుస్తూనే ఉంది.

చూశావా అన్నా, రక్తం రిపోర్టు బాగుపడటం వేరు, మనిషి బాగుపడటం వేరు. ఆ తేడా పట్టుకోవడానికి ట్రయల్ తప్ప వేరే దారి లేదు. ట్రయల్ లేకపోతే ఆ పెద్ద డోసు మందుని ఇవాళ మన ఆర్ఎంపీ కూడా రాస్తుండేవాడు. కాబట్టి "బంద్ చేయండి" అనడం మన అమ్మకి మందు రావొద్దు అనడమే.

అయితే ఎవరి మీద, ఎట్టా, ఏ కాగితంతో? మన జిల్లాల్లోనే దీనికి చరిత్ర ఉంది. చదువుకున్న మనకి కూడా ఎవరూ చెప్పని చరిత్ర.

2011 జూన్. పిడుగురాళ్ల. అప్పటికి గుంటూరు జిల్లా, ఇప్పుడు పల్నాడు. సున్నపు బట్టీల ఊరు. అక్కడి పేద ఆడవాళ్లని కొందరిని ఏజెంట్లు డబ్బు ఆశ చూపి హైదరాబాద్ తీసుకుపోయారని పత్రికల్లో వచ్చింది. వాళ్ల మీద పరీక్షించింది రొమ్ము క్యాన్సర్ మందు. వాళ్లకి క్యాన్సర్ లేదు. తిరిగొచ్చాక నొప్పులు, నీరసం అని బయటపడి చెప్పుకున్నారు. పరీక్ష చేసిన సంస్థ యాక్సిస్ క్లినికల్స్. గొడవ పెద్దదయ్యాక దేశ డ్రగ్స్ కంట్రోలర్ జనరల్ ఆ సంస్థ అనుమతిని సస్పెండ్ చేశారు. చదువురాని మనుషుల దగ్గర అంగీకారం ఎట్టా తీసుకున్నారన్నదే అప్పుడు లేచిన పెద్ద ప్రశ్న.

దానికి రెండేళ్ల ముందు, 2009 జూలైలో, ఖమ్మం జిల్లా. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాలు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకాని పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకి వేశారు. సుమారు 14 వేల మంది. అందులో చాలామంది ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో ఉండే మన ఆదివాసీ చెల్లెళ్లు. నడిపింది పాత్ అనే అమెరికా సంస్థ, వెనక ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం. గుజరాత్‌లో వడోదరలో కూడా ఇట్టాగే చేశారు. రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయారు. 2010 ఏప్రిల్లో ఆపేశారు. విచారణ కమిటీ ఆ చావులకి టీకాతో సంబంధం కనపడలేదంది. మేం ఆ మాట దాచం. టీకా కూడా మంచిదే, ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసే టీకా. మా గొడవ టీకాతో కాదు.

గొడవ కాగితంతో. 2013 ఆగస్టు 30న పార్లమెంటు స్థాయీ సంఘం ఇచ్చిన నివేదికలో ఉంది: మన రాష్ట్రంలో చూసిన 9,543 అంగీకార పత్రాల్లో 1,948 వేలిముద్రలు. 2,763 పత్రాల మీద సంతకం హాస్టల్ వార్డెన్‌ది.

హాస్టల్లో కూర్చుని ఈ అంకె చదివితే ఎట్టా ఉంటదో చెప్పలేం. వార్డెన్ సార్ మా లీవు లెటరు మీద సంతకం పెడతాడు. స్కాలర్‌షిప్ ఫారం మీద పెడతాడు. మెస్ రిజిస్టర్ మీద పెడతాడు. మా ఒంటి మీద సంతకం పెట్టే అధికారం ఆయనకి ఎవరిచ్చారు? అమ్మానాన్న పదిహేను మైళ్ల దూరంలో పత్తి తీస్తుంటే, ఫోన్ చేసి ఒక్క మాట అడగడానికి ఏమొచ్చింది? దీన్ని వాళ్లు ట్రయల్ కాదు, ప్రాజెక్టు అన్నారు. పేరు మారిస్తే పిల్ల చెయ్యి మారుద్దా?

ఇక వేలిముద్ర. అది మనకి కొత్తది కాదు. 1911 క్రిమినల్ ట్రైబ్స్ చట్టం కింద మన ఎరుకల తాతల్ని పుట్టుకతోనే దొంగలని రాసి, వేళ్లకి సిరా పూసి, పిలిచినప్పుడల్లా హాజరు వేయించుకున్నారు. బాపట్ల పక్కన స్టువర్టుపురం అట్టా పుట్టిన సెటిల్‌మెంటే. మన దగ్గర సుగాలీ, యానాది పెద్దలు కూడా ఆ చట్టం దెబ్బ తిన్నవాళ్లే. 1952లో దేశమంతా ఆ చట్టం పోయింది. వేలిముద్ర మీద నమ్మకం మాత్రం పోలేదు. అప్పుడు "వీడు ఎక్కడికీ పోడు" అనడానికి ముద్ర వేయించారు, ఇప్పుడు "వీడు ఒప్పుకునే వచ్చాడు" అనడానికి వేయిస్తున్నారు. ముద్ర వేసినవాడికి కాగితంలో ఏముందో అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు.

"ఎవరిష్టం వాళ్లది" అన్నవాళ్లు ఇప్పుడు చెప్పండి. ఫీజు రీయింబర్స్‌మెంట్ పడక, హాల్‌టికెట్ ఇవ్వక, ఇంట్లో మిర్చి రేటు పడిపోయి కౌలు డబ్బు కూడా రాని ఏడాది, ఇరవై ఏళ్ల పిల్లోడి ముందు పన్నెండు వేలు పెట్టి "నీ ఇష్టం" అంటే అది ఇష్టమా? అవే పన్నెండు వేలు హైదరాబాద్‌లో పెద్ద ఉద్యోగం చేసే ఇంటి పిల్లోడి ముందు పెట్టి చూడండి, ఎందరు పోతారో. ఆ మెసేజ్ కార్పొరేట్ కాలేజీ గ్రూపుల్లో తిరగలేదు. మన హాస్టల్ గ్రూపుల్లో తిరిగింది. ఎవరి ఇష్టం చవగ్గా దొరుకుతుందో ఏజెంటుకి తెలుసు.

ఫ్యాను కింద పడుకుంటే డబ్బులు అన్న తమ్ముడికి ఒక మాట. ఆ మెసేజ్ జబ్బున్నవాళ్లని అడగలేదు, ఆరోగ్యవంతుల్ని అడిగింది. అట్టా పిలిచేవాటిలో ఎక్కువ బయో ఈక్వివలెన్స్ పరీక్షలు. అంటే ఒక కంపెనీ మందుకి నకలు చేసిన ఇంకో కంపెనీ బిళ్ల, అసలుదానిలాగే రక్తంలోకి చేరుతోందా అని చూడటం. ఒక విడతలో ఒక బిళ్ల, కొన్నాళ్లు ఆగి రెండో విడతలో రెండోది. గంటగంటకీ రక్తం తీస్తారు. ఇట్టాంటి పరీక్షలు జరిగితేనే చవక మందులు వస్తాయి, మన తమ్ముడి వాళ్లమ్మ జీవితాంతం మింగాల్సిన బిళ్ల కూడా అట్టా వచ్చిందే. అందుకని పోవడమే పాపం అనం. చాలాసార్లు ఏమీ కాదు కూడా. కాని ఒక పరీక్షకీ ఇంకో పరీక్షకీ మధ్య ఒంటికి తగినంత కాలం విశ్రాంతి ఉండాలి. డబ్బు అవసరం ఉన్నవాడు ఆ గడువు ఆగడు. ఇక్కడ వద్దంటే ఇంకోచోట వేరే చెప్పి చేరతాడు. ఏజెంటే ఆ దారి నేర్పుతాడు, ఎందుకంటే తలకింత అని వాడికీ ఉంటది. పిల్లోడు ఎన్నిసార్లు పోయాడో, ఏ మందు మింగాడో వాళ్ల ఇంట్లో ఎవరికీ తెలియదు. రేపు ఏదన్నా అయితే ఏ డాక్టరుకి ఏమని చెప్తారు? మిర్చి కోతలో నడుం విరిగితే కనీసం ఊరందరికీ కనపడుద్ది.

దేశం మొత్తం లెక్క కూడా ఒకటి చెప్పుకోవాలి. 2005 నుంచి 2012 దాకా 475 కొత్త మందుల ట్రయల్స్‌లో 2,644 మంది చనిపోయారని, అందులో 80 చావులు ట్రయల్ వల్లేనని కేంద్ర ప్రభుత్వమే సుప్రీంకోర్టుకి చెప్పింది. మిగతావాళ్లలో చాలామంది అప్పటికే పెద్ద జబ్బులతో ఉన్నవాళ్లు, అది నిజం. కాని ఆ 475లో మార్కెట్‌కి అనుమతి వచ్చినవి 17. స్వాస్థ్య అధికార్ మంచ్ వాళ్లు కోర్టుకి పోబట్టి ఈ అంకెలు బయటికొచ్చాయి. వాళ్ల కేసు వల్లే నియమాలు గట్టిపడ్డాయి. ఎవరో మనకోసం దయతలచి రాసినవి కావు.

ఆ నియమాలు ఇప్పుడు 2019 కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నియమాలు అనే పేరుతో ఉన్నాయి. మేం కూర్చుని చదివాం. కష్టమైన ఇంగ్లీషే, కాని మనకి పనికొచ్చేది చాలా ఉంది. అంగీకార పత్రం మనకి అర్థమయ్యే భాషలో ఉండాలి. చదవలేని మనిషైతే, ఆ కంపెనీకి సంబంధం లేని సాక్షి ఒకరు అక్కడ ఉండి తీరాలి. బలహీన స్థితిలో ఉన్నవాళ్ల మీద సరికొత్త మందు పరీక్షిస్తుంటే, వివరించి ఒప్పించేదంతా వీడియో తీయాలి. పత్రం కాపీ మన చేతికి ఇవ్వాలి. ఏ క్షణంలోనైనా, కారణం చెప్పకుండా, లేచి వచ్చేయొచ్చు. ట్రయల్‌లో దెబ్బ తగిలితే వైద్యం వాళ్ల ఖర్చు. చనిపోతేనో వికలాంగులైతేనో పరిహారానికి లెక్క ఉంది. ఆ లెక్క 8 లక్షల నుంచి మొదలై వయసుని బట్టి, జబ్బు తీవ్రతని బట్టి మారుద్ది. మనిషి సంపాదన ఆ లెక్కలో లేదు. కూలోడి ప్రాణానికీ కలెక్టరు ప్రాణానికీ ఒకే సూత్రం. ఈ దేశంలో ఇట్టా రాసున్న కాగితం మేం ఇంకెక్కడా చూడలేదు, నిజంగా చెప్తున్నాం.

రాసుంటే సరిపోదు, అడిగేవాడు ఉండాలి. అడిగేది మనమే కావాలి. జబ్బు మీద కొత్త మందు ట్రయల్ అంటే అది సీటీఆర్‌ఐ అనే ప్రభుత్వ రిజిస్టర్‌లో ఎక్కి ఉండాలి. 2009 నుంచి అది తప్పనిసరి. ఫోన్లో చూసుకోవచ్చు. నంబరు అడగండి, చెప్పలేకపోతే అక్కడికక్కడే లేచి రండి. ఎథిక్స్ కమిటీ ఫోన్ నంబరు పత్రం మీద ఉండాలి, లేకపోతే రండి. వాట్సాప్‌లో వచ్చిన ఏజెంటు నంబరుకి అసలు ఫోనే చేయొద్దు. ఇవి ఎవరినీ బతిమాలాల్సిన సంగతులు కావు.

నియమాల్లో లేనివి కొన్ని మేం అడుగుతున్నాం. మన గూడెం, తండా, సెటిల్‌మెంటు మనుషులు ఎక్కువగా ఉండే ట్రయల్ అయితే ఎథిక్స్ కమిటీలో మన మనిషి ఒకరు కూర్చోవాలి. సామాన్యుల తరఫున ఒకరు, ఆడమనిషి ఒకరు ఉండాలని ఇప్పటికే ఉంది కదా, ఆ కుర్చీలో రిటైరైన పెద్దాఫీసరు కాకుండా ఒక సుగాలీ అక్కో ఒక యానాది అన్నో ఎందుకు కూర్చోకూడదు? హాస్టల్ ఆవరణలోకి ఏజెంట్లు రాకూడదని సంక్షేమ శాఖ ఆర్డరు ఇవ్వాలి. వార్డెన్ సంతకం వైద్యం విషయంలో చెల్లదని అదే ఆర్డరులో రాయాలి. అన్నిటికన్నా ముందు, నెలల తరబడి దురద అని వచ్చే ఆడమనిషికి ప్రతి ప్రభుత్వాస్పత్రిలో కాలేయం రక్తపరీక్ష రాయాలి. ఖరీదైన పరీక్ష కాదది. అది తేలితేనే ఉర్సో మొదలుపెట్టగలరు, అది పనిచేయనివాళ్లకి కొత్త మందు ట్రయల్ అవసరమొస్తే మన అమ్మలు కూడా రోగులుగా, హక్కుగా అందులో చేరగలరు. ఇప్పటిదాకా జరిగిందేంటి? మందు పరీక్షలో మనం ఆరోగ్యవంతులం, మందు అందాల్సిన లైన్లో మనం అసలు లేం.

కొందరు పెద్దలు "మీకెందుకురా ఇవన్నీ, బుద్ధిగా చదువుకోండి" అంటారు. చదువుకున్నాం కాబట్టే రాస్తున్నాం సార్. 2009లో ఆ ఖమ్మం హాస్టల్ పిల్లల్లో ఎవరి ఇంట్లోనైనా ఇంగ్లీషు చదివే అన్నో అక్కో ఉండి ఉంటే ఆ 2,763 సంతకాల్లో కొన్నైనా ఆగేవి.

ఇక పని. మనవాళ్లు ఎవరైనా ఇప్పటికే ఇట్టాంటి పరీక్షలకి పోయి ఉంటే సిగ్గుపడొద్దు, భయపడొద్దు, గ్రూపులోంచి ఎవరూ తీసేయరు. మీకిచ్చిన కాగితం ఉంటే ఫొటో తీసి అడ్మిన్ అన్నకి పంపండి. పేరు, ఆధార్ నంబరు చెరిపేసి పంపండి. కాగితమే ఇవ్వకపోతే ఆ మాటే రాసి పంపండి. ఇంట్లో అమ్మకో పిన్నికో అత్తకో పొక్కులు లేకుండా అరచేతులు, అరికాళ్లు నెలల తరబడి దురద పెడుతుంటే ఈ కోతలు అయ్యేదాకా ఆగకుండా తీసుకుపోయి కాలేయం పరీక్ష అడగండి. మిరపకాయ అంటే వినకండి.

అంగీకార పత్రంలో ఉండాల్సిన మాటల్ని గోర్‌బోలీలోకి, ఎరుకల భాషలోకి మార్చి ఆడియో చేస్తున్నాం, చదవలేని పెద్దవాళ్లు వినడానికి. ఆదివారం మధ్యాహ్నం మెస్ అయ్యాక రికార్డింగ్. గోర్‌బోలీ బాగా వచ్చిన అక్కలు ఇద్దరు కావాలి, మా మాటల్లో తెలుగు ఎక్కువైపోతుందని మా నాయనమ్మలు నవ్వుతున్నారు. చాలావరకు అయిపోయింది. ‘ఉత్తుత్తి బిళ్ల’కి మాత్రం సరైన మాట దొరకట్లేదు. ఒకరు చెప్పిన మాటకి అబద్ధం అనే అర్థం వస్తోంది, ఇంకొకరు చెప్పినదానికి విషం అని వస్తోంది. మీ ఇళ్లల్లో ముసలోళ్లని అడిగి కామెంట్లో రాయండి.